కఫీల్ పూచీ నుంచి పెత్తనం దాకా

కఫాలా అంటే పూచీ. పరాయివాడు పనికొస్తే వాడికి ఇక్కడివాడొకడు జవాబుదారీగా ఉండాలన్నది మొదటి ఉద్దేశం. చమురు పనులకు లక్షల మంది దిగాక అది పెత్తనమైంది. అకామా, పని మారడానికి కాగితం, ఇంటికెళ్ళడానికి ఎగ్జిట్, అన్నీ కఫీల్ చేతిలోకే పోయాయి. అయినవాళ్ళు పోతే ఆఖరి చూపుకూ ఆయన్నే బతిమాలుకోవాలి.

మన దేశం 1983లో వలసల చట్టం చేసింది. ఏజెంటుకు లైసెన్సు ఉండాలంది, కొన్ని దేశాలకు వెళ్ళే పది పాసవని వాళ్ళకు అనుమతి తప్పదంది. మంచిదే. కానీ విమానం దిగాక ఆ చట్టం చెయ్యి మనదాకా రాదు.

ఇక్కడి చట్టాలే కదలాలి, కదిలాయి కూడా. 2009లో బహ్రెయిన్ పని మారే దారి తెరిచింది. ఖతార్ 2018లో చాలామందికి, 2020 జనవరిలో ఇంటిపనివాళ్ళకూ ఎగ్జిట్ అనుమతి తీసేసింది. ఇంటిపనివాళ్ళు 72 గంటల ముందు యజమానికి చెబితే చాలు. అదే ఏడాది పని మారడానికి ఎన్‌ఓసీ కూడా అక్కర్లేదంది. సౌదీ 2021 మార్చిలో కంపెనీ పనివాళ్ళకు రెండూ సడలించింది. ఇంటి డ్రైవర్లు, గద్దామలు, గొర్రెల కాపర్లు మాత్రం బయటే ఉండిపోయారు. ఆ పనుల్లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు!

వెనక్కి నడిచిన చట్టమూ ఉంది. కువైట్‌లో 2025 జులై నుంచి ప్రైవేటు కంపెనీలవాళ్ళు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకోవాలి. అందుకే ఎవరైనా ఎగ్జిట్ గురించి అడిగితే మేం ముందు ఏ దేశం, ఏ వీసా అనే అడుగుతున్నాం.