సూక్ష్మతంతువు – సర్పభ్రాంతి

మసక వెలుతురులో త్రాటిని చూచి పామని భ్రమించిన మనిషిని మన వేదాంతులు తరతరాలుగా ఉదాహరిస్తూ వచ్చారు. ఆధునిక భౌతికశాస్త్ర చరిత్రలోనూ అటువంటి ఘట్టం ఒకటి ఉన్నది. అక్కడి త్రాడు తలవెంట్రుకకంటె కొన్ని వందల రెట్లు సన్ననిది.

1937లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎత్తోరె మయొరానా, తనకు తానే ప్రతికణమైన కణం ఒకటి ఉండవచ్చునని ప్రతిపాదించాడు. మరుసటి ఏడు మార్చిలో ఓడ ప్రయాణానికి వెళ్ళిన ఆయన మరి తిరిగి రాలేదు. అప్పటికి ఆయన వయస్సు 31. మనిషి అదృశ్యమైనా ఊహ మిగిలింది. అతివాహకపు తీగ రెండు కొసలలోను ఈ కణాన్ని పోలిన స్థితులు ఏర్పడగలవని 2001లో అలెక్సీ కితాయెవ్ చూపాడు. క్వాంటం సమాచారాన్ని ఆ రెండు కొసలకు పంచి దాచితే, ఏ ఒక్కచోట కలిగిన కలతా దానిని సులభంగా చెరపజాలదు. క్వాంటం గణనయంత్రాల నిర్మాతలకు ఇంతకంటె ఆశ కలిగించే మాట ఏముంటుంది?

ఆ తీగను తయారుచేసే మార్గాన్ని 2010లో రెండు సిద్ధాంతకారుల బృందాలు సూచించాయి. ఇండియం ఆర్సెనైడ్, ఇండియం ఆంటిమొనైడ్ వంటి అర్ధవాహకంతో సూక్ష్మతంతువును పెంచాలి. దానికి అతివాహక లోహాన్ని ఆనించి, తంతువు వెంబడి అయస్కాంత క్షేత్రాన్ని నెలకొల్పాలి. అర్ధవాహకానికి స్వతహాగా లేని అతివాహకత పక్కనున్న లోహం నుండి సంక్రమిస్తుంది. అందులోని ఎలెక్ట్రానుల సంఖ్యనేమో గేటు వోల్టేజితో పెంచవచ్చు, తగ్గించవచ్చు.

2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో లియో కౌవెన్‌హోవెన్ బృందం ఈ ప్రయోగం చేసింది. సున్నా వోల్టేజి వద్ద వాహకతలో ఒక శిఖరం కనిపించింది. మయొరానా స్థితికి ఉండవలసిన గురుతు అదే. అయితే దాని ఎత్తు సిద్ధాంతం చెప్పిన విలువకంటె చాలా తక్కువ. 2018లో అదే ప్రయోగశాల నుండి, శిఖరం సరిగ్గా ఆ విలువను అందుకొన్నదంటూ నేచర్ పత్రికలో వ్యాసం వెలువడింది. అప్పటికే కౌవెన్‌హోవెన్ మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరి ఉన్నాడు.

ఇక్కడ ప్రశ్నించినవారు సెర్గేయ్ ఫ్రొలోవ్, విన్సెంట్ మౌరిక్. ఇద్దరూ 2012 నాటి వ్యాసకర్తలే. వారు మూలదత్తాంశాలను అడిగి తెప్పించుకొని, వ్యాసంలో అచ్చయిన భాగాన్ని అచ్చుకాని భాగంతో పోల్చారు. పూర్తి కొలతలను సరిచేసి మళ్ళీ గీస్తే, శిఖరం ఆ విలువ వద్ద నిలవక దానిని దాటిపోతున్నది. 2021 మార్చిలో రచయితలు క్షమాపణ చెప్పి వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నారు. బుద్ధిపూర్వకంగా కల్పించినట్లు ఆధారం లేదనీ, ఉత్సాహంలో తమను తామే మోసగించుకొన్నారనీ స్వతంత్ర నిపుణులు తేల్చారు.

పాము ఎందుకు కనిపించింది? తంతువులో ఏ కొద్దిపాటి లోపాలున్నా, ఆంద్రెయెవ్ స్థితులనే సామాన్య స్థితులు కూడా సున్నా దగ్గర శిఖరాన్ని పుట్టించగలవు. గేట్లు అనేకం, వోల్టేజీలను మార్చుతూ పోతే కోరిన ఎత్తు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరికినచోటనే ఆగితే, వెతుకుతున్నదే ఎదుట నిలిచినట్లుంటుంది.

త్రాడు మాత్రం వ్యర్థం కాలేదు. 2015లో కోపెన్‌హేగెన్, డెల్ఫ్ట్ బృందాలు ఇండియం ఆర్సెనైడ్ తంతువులతో అతివాహక క్యూబిట్‌లను నిర్మించాయి. గేటు వోల్టేజితో శ్రుతి చేయగలిగినందున కోపెన్‌హేగెన్ వారు తమ క్యూబిట్‌కు గేట్‌మాన్ అని పేరుపెట్టారు. దానికి మయొరానాతో పనిలేదు.

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయొరానా 1 అనే చిప్‌ను ప్రకటించింది. దానితోపాటు వెలువడిన వ్యాసంలోని ఫలితాలు మయొరానా స్థితులకు సాక్ష్యం కావని నేచర్ సంపాదకులే సమీక్షా పత్రాలలో వ్రాసిపెట్టారు. 2018లో ఇంతటి జాగ్రత్త కనిపించలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో మనకు దక్కిన లాభం ఇదే. పామున్నదో లేదో ముందుముందు తేలవచ్చు. దీపం పట్టుకొని వచ్చినవారు ఆ ఇంటివారే కావడం నాకు ధైర్యాన్నిస్తున్నది.