యార్క్ శిథిలాలు చెప్పే చరిత్ర

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరాన్ని సందర్శిస్తే, 1472 నాటికి పూర్తయిన మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో నేటికీ ప్రార్థనలు జరగడం మీరు చూస్తారు. అదే నగరంలోని సెయింట్ మేరీస్ క్రైస్తవ మఠానికి మాత్రం గోడలే మిగిలాయి. ఆ మఠాన్ని విడిచి వెళ్ళిన సన్యాసులు 1132లో రిపన్ పట్టణ సమీపంలో ఫౌంటెన్స్ మఠాన్ని స్థాపించారు. ఉన్ని వ్యాపారంతో అది సంపన్నమైంది. నేడు దానికీ పైకప్పు లేదు.

ఈ తేడాకు కారణం కాలగమనం కాదని గమనించండి. ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం 1536-40 మధ్య మఠాలను రద్దుచేసి, వాటి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. పైకప్పుల మీది సీసపు రేకులను సైతం ఊడదీశారు. మిన్‌స్టర్ ఆర్చిబిషప్ పీఠమే గాని సన్యాసుల మఠం కాదు, అందువల్ల నిలిచింది. కాబట్టి శిథిలాన్ని చూసినప్పుడు దాని వయస్సుతో సరిపెట్టుకోక, అది ఎవరి నిర్ణయంతో శిథిలమైందో కూడా ప్రశ్నించండి.