మంచి కాలేజీ అంటే ఏది? ఆప్షన్లు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: "ఏది మంచి కాలేజీ?" అధ్యాపకులు, ల్యాబులు, ప్లేస్‌మెంట్లు చూడాల్సిందే. మన పిల్లలకు నాసిరకం చదువు చాలని మేము ఎన్నడూ అనం. కానీ చేరిన పిల్లలు అక్కడ తలెత్తుకుని తిరుగుతున్నారా, పట్టా తీసుకుని బయటికి వస్తున్నారా అన్నది కూడా చూడాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పరిశోధనలో మంచి పేరుంది. ఆ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి బహిష్కరించిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్లో రోహిత్ వేముల ఒకరు. 2016 జనవరి 17న ఆయన్ని కోల్పోయాం. పేరున్న చోటల్లా భద్రత ఉండదని అప్పుడు మరోసారి తెలిసింది. అందుకే ఈ నాలుగు విషయాలు ముందే ఆరా తీయండి.

1. ఎంతమంది పూర్తి చేస్తున్నారు?
ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో సామాజిక ప్రాతినిధ్యం వంటి అంశాలన్నిటికీ కలిపి ఉన్న వాటా 10 శాతమే. అయినా ఆ వెబ్‌సైట్‌లో ఒక్కో సంస్థ ఇచ్చిన వివరాలు పనికొస్తాయి. ఎంతమంది చేరారో, గడువులోగా ఎంతమంది పూర్తి చేశారో అందులో ఉంటుంది. అయితే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను ఒకే అంకెలో కలిపేస్తారు. ఎస్సీ విద్యార్థుల లెక్క విడిగా కాలేజీనే అడగండి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు దరఖాస్తు వేయండి.

2. ఫిర్యాదు ఎవరికి చేయాలి?
యూజీసీ 2012 నిబంధనల ప్రకారం కాలేజీలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు అడగండి. చెప్పలేకపోతే ఆ సెల్ కాగితాల్లోనే ఉందనుకోవచ్చు.

3. ఫీజు బకాయి పడితే ఏం చేస్తారు?
రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. గత ఏడాది ఏం జరిగిందో సీనియర్లను అడగండి.

4. మనవాళ్లు ఏమంటున్నారు?
అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురు ఎస్సీ విద్యార్థులతో క్యాంపస్ బయట మాట్లాడండి. "నీ ర్యాంకెంత?" అని అడిగి కులం తెలుసుకుంటారా? హాస్టల్ గదులు ఎలా కేటాయిస్తారు? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది సాయం ఉందా? ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి చేసుకోనిస్తారా?

వివక్ష ఉందని పెద్ద సంస్థలో సీటు వదులుకోమని మేము చెప్పడం లేదు. ఆ సీటు మన హక్కు. అక్కడి విద్యార్థి సంఘం వాళ్ల నంబర్లు, అత్యాచారాల నిరోధక హెల్ప్‌లైన్ 14566 దగ్గర ఉంచుకుని చేరండి. చేరాక ప్రతి వారం ఇంటికి ఫోన్ చేయండి. పెద్దవాళ్లూ, మార్కుల కంటే ముందు "ఎలా ఉన్నావు?" అని అడగండి.