చూడిగొఱ్ఱెల పరీక్ష

మన కులవృత్తి చరిత్రము వ్రాయఁబూనినవారు కంబళినేతను, మందల వలసలను విస్తరించి వ్రాయుదురు గాని, ఈనఁబోవు గొఱ్ఱెను మన పెద్దలు పరీక్షించిన విధమును స్మరింపరు. మంద పెరుగుటయుఁ దరుగుటయు దానిపై నాధారపడియుండుటచే రెండు మాటలు విన్నవించుచున్నాము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున గోధ్యక్షుని ప్రకరణము కలదు. అందు కాపరికిచ్చు నూఱు పశువులలో చూడిపశువులు ప్రత్యేకవర్గముగా లెక్కింపఁబడినవి. మేకలు మొదలగువాని యున్నిని ఆఱునెలలకొకమాఱు తీయవలయునని కూడ నున్నది. చూడిగొఱ్ఱె దేహబలమును తెలిసికొను విధము మాత్రము చెప్పఁబడలేదు. ఆ విద్య కాపరుల వ్రేళ్లయందే నిలిచినది.

మా పితామహులకు అక్షరము రాదు. చీఁకటి పడి మంద దొడ్డి చేరిన పిమ్మట ఒక్కొక్క చూడిగొఱ్ఱె నడుముపై చేయివైచి, చిక్కినవానిని వేఱుచేసి తుమ్మకాయలు పెట్టుచుండిరి. మా కన్నులకు గుండ్రముగాఁ దోఁచినదానినే ఆయన బక్కది యనెడివారు. ఉన్ని క్రింద ఎముక దాఁగుననియు, కడుపు నిండుగా నున్నంతనే గొఱ్ఱె బలిసినట్లు గాదనియు మేము గ్రహించుటకుఁ జాలఁగాలము పట్టినది. సంస్కృతము చదువుచుంటిమను గర్వమున ఆ విద్య నడుగమైతిమి. అది వారితోనే పోయినది.

మనవారు వ్రాయని యట్టి విద్యను పరదేశీయులు వ్రాసిరి. 1961లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున జెఫరీస్ అను నాతఁడు దానికి సున్న మొదలు ఐదు వఱకు అంకెలు గట్టెను. 1969లో స్కాట్లండున రస్సెల్, డోనీ, గన్ అనువారు చేతితో నంకె వేసిన గొఱ్ఱెలను కోయించి, క్రొవ్వును కొలిచి, చేయి చెప్పినది చాలవఱకు నిజమని తేల్చిరి. కడపటి ప్రక్కటెముకకు వెనుక నడుమును తడవవలయును. వెన్నుపూసల కొనలు వాఁడిగాఁ దగిలిన ఒకటి; ఒత్తిన గాని తెలియనిచో మూఁడు; ఎంత యొత్తినను దొరకనిచో ఐదు. ఈనునాఁటికి మూఁడుకు దగ్గఱగా నుండుట మేలు.

గొఱ్ఱె సుమారు 150 దినములు మోయును. కడుపులోని పిల్ల బరువులో నూటికి డెబ్బది పాళ్లు కడపటి ఆఱువారములలోనే పెరుగును. అప్పుడు కవలలున్న తల్లికి కడుపులో మేఁతకుఁ జోటు తగ్గును. తన క్రొవ్వే మితిమీఱి కరఁగి విషమగును. మందకు వెనుకఁబడి, మేఁత విడిచి, చూపు తప్పి పడిపోవును. చిక్కినదానికే గాక మిక్కిలి బలిసినదానికిని ఈ యాపద కలదు. కావున ఈనుటకు ఆఱేడు వారములు ముందే పరీక్షించి, తక్కువ యున్నవానికి దాణా మెల్లగాఁ బెంచవలయును. క్రింది ఱెప్ప తిప్పి చూచిన, పాలిపోయినచో కడుపులో నెత్తురు త్రాగు పురుగులున్నవేమో యని యనుమానింపవలయును. చూడిగొఱ్ఱెను పడవైచి పట్టుట మాత్రము కూడదు.

2017లో తెలంగాణ ప్రభుత్వమువారు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి డెబ్బదియైదు పాళ్ల రాయితీతో పంచిరి. గొఱ్ఱెలు చేరిన యిండ్లన్నిటికి చేతివిద్యయుఁ జేరెనా? మన సంఘమువారు వృద్ధకాపరుల చెంతకు చదువుకొన్న పిల్లలను పంపి, వారి చేయి చెప్పినది వ్రాయింపవలయునని మా మనవి. మా గ్రామమున నట్టి వృద్ధులు ఇద్దఱు మాత్రమే మిగిలియున్నారు.