మేస్త్రి పద్దులో చేరని లెక్క

కొత్తకోట హైదరాబాదు–కర్నూలు బాట మీది ఊరు. కరవు వచ్చినప్పుడెల్లా ఈ పాలమూరు సీమ పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే ఇట్టి బాటలు పట్టి, ఆనకట్టల పనులకు, కాలువల త్రవ్వకములకు తరలిపోయినవి. 'పాలమూరు లేబరు' అన్న మాట అట్లా దూర రాష్ట్రములలో సైతము ప్రసిద్ధికెక్కినది.

ఈ వలసకు ఒక పద్దు ఉండేది. గుంపు మేస్త్రి ప్రయాణమునకు ముందే కూలికి అడ్వాన్సు ఇచ్చి వ్రాసుకొనేవాడు. పనిచేసిన దినములెన్ని, తిండికి పోయినదెంత, నిలిచిన బాకీ ఎంత అన్నవి లెక్కకు వచ్చేవి. రాయి పడి చెయ్యి నలిగిన దినము మాత్రము పనికి రాని దినముగానే మిగిలేది.

గాయమును వ్రాసిపెట్టుట యజమానికి భారముగా తోచవచ్చును. బాధితునికి అదే సాక్ష్యము. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము పనిలో తగిలిన దెబ్బకు పరిహారము విధించినది. కాని దెబ్బ పనిలోనే తగిలినదని చూపవలెను గదా! గుంపు చెదరి, కూలి ఊరు చేరిన పిమ్మట సాక్షి ఎక్కడ?

బ్రిటనులో 1844 నాటి చట్టమే మిల్లు ప్రమాదములను తెలియజేయుమన్నది. మనకు 1948 ఫ్యాక్టరీల చట్టము, మరణమునే గాక, 48 గంటలు పనికి దూరము చేసిన గాయమును కూడ అధికారికి తెలుపవలెనన్నది. కొన్ని వృత్తి రోగములను సైతము అందులో చేర్చినది. అయితే అది ఫ్యాక్టరీ గోడల లోపలి మాట. ఆనకట్ట పనికి గోడలెక్కడివి?

అందువలన 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము ముఖ్యమైనది. ప్రాణము పోయినను, తీవ్రమైన గాయమైనను, కాంట్రాక్టరు రెండు రాష్ట్రముల అధికారులకు, దగ్గరి బంధువులకు తెలుపవలెనని అది శాసించినది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టము వచ్చినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఈ మూడింటిని తనలో కలుపుకొని, ప్రమాదములను తెలుపు బాధ్యతను నిలిపి ఉంచినది.

కాలము తిరిగినది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలినప్పుడు చిక్కుకొన్న ఎనమండుగురు ఝార్ఖండు, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్ము–కాశ్మీరములనుండి వచ్చినవారు. వలస పంపిన సీమయే వలస వచ్చినవారికి పనిచోటైనది. వారి పేర్లు దేశమంతా విన్నది. ఒక్కడి వ్రేలు నలిగినప్పుడు, రాతి దుమ్ము ఏండ్ల తరువాత ఊపిరితిత్తులను పట్టినప్పుడు, వినువారెవరు? అక్కడ రిజిస్టరు ఒక్కటే దిక్కు.

దెబ్బ తగిలిన దినము, స్థలము, చేయుచున్న పని, చూచినవారి పేర్లు – ఈ నాలుగు ముక్కలు అప్పుడే కాగితము మీద పడినచో, ఊరు చేరినవానికి అడిగే నోరు ఉంటుంది.