మానసిక వయస్సు, రుష్ద్ - ఒక చారిత్రక పరిశీలన

తండ్రి మరణానంతరం వారసత్వపు పంపకాలు జరిగేటప్పుడు విజయవాడ పేటలలోను, కృష్ణా డెల్టా గ్రామాలలోను అప్పుడప్పుడు వినవచ్చే మాట ఒకటున్నది: "వాడికి నలభై ఏళ్ళు వచ్చినా బుద్ధి ఎనిమిదేళ్ళదే. వాడికి వాటా ఎందుకు?" కాలువ కింద మాగాణి ఎకరం విలువ ఎరిగినవారికి ఈ మాట ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. "ఎనిమిదేళ్ళ బుద్ధి" అనే ఈ కొలత ఎక్కడ పుట్టినది? పెద్దల విషయంలో దానికి గల విలువ ఎంత?

ఈ కొలత ఫ్రాన్సు దేశపు బడిపిల్లల కోసం పుట్టినది. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి ప్రత్యేక బోధన కల్పించే ఉద్దేశంతో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్‌లు 1905లో ఒక పరీక్ష తయారుచేశారు. 1908లో దానిని వయస్సుల వారీగా అమర్చారు. ఎనిమిదేళ్ళ పిల్లలలో అధికసంఖ్యాకులు చేయగల పనులవరకు చేసిన పిల్లవాని స్థాయి ఎనిమిదేళ్ళు. 1912లో జర్మన్ పండితుడు విలియం స్టెర్న్ ఈ అంకెను అసలు వయస్సుతో భాగించాలన్నాడు. 1916లో అమెరికాలో లూయీ టెర్మన్ ఆ భాగఫలాన్ని నూటితో హెచ్చవేశాడు. అదే ఐ.క్యూ.

ఈ కొలతను పెద్దలకు వర్తింపజేసినప్పుడు చిక్కు వచ్చినది. పిల్లవాని శక్తి ఏటేటా పెరుగుతుంది. నలభై ఏళ్ళవానికీ, నలభై ఒకటవ ఏట ఉన్నవానికీ అటువంటి తేడా కనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో సుమారు 17 లక్షల మందిని పరీక్షించి, శ్వేతజాతి సైనికుల సగటు మానసిక వయస్సు పదమూడేళ్ళని 1921 నివేదికలో ప్రకటించారు. పెద్దల సగటు బుద్ధి పెద్దల బుద్ధికంటే తక్కువ ఎట్లా అవుతుందని మరుసటి ఏడు పత్రికారచయిత వాల్టర్ లిప్‌మన్ ప్రశ్నించాడు. 1939లో డేవిడ్ వెక్స్‌లర్ పెద్దలను వారి ఈడువారితోనే పోల్చే పరీక్షను రూపొందించాడు.

షరీఅత్ అడిగిన ప్రశ్న వేరు. అనాథల ఆస్తి అప్పగించడానికి దివ్య ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా యుక్తవయస్సుతోపాటు రుష్ద్‌ను, అనగా వ్యవహార వివేకాన్ని, షరతుగా పెట్టినది. దుబారా చేసే వయోజనుని ఆస్తిని ఇరవై అయిదేళ్ళ తర్వాత ఆపరాదని ఇమామ్ అబూ హనీఫా (రహ్) అభిప్రాయం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు వయస్సుతో నిమిత్తం లేకుండా రుష్ద్ కనిపించవలెనన్నారు. మందబుద్ధి గల పెద్దవానిని (మాతూహ్) హనఫీ ఫుఖహా వివేకం గల బాలునితో పోల్చిన మాట నిజమే. అయితే ఆ పోలిక లావాదేవీల చెల్లుబాటుకు సంబంధించినది. అతని యాజమాన్యాన్ని అది రద్దు చేయదు. బఖరా సూరాలోని రుణ వాక్యం ప్రకారం, బలహీనుని పక్షాన వలీ న్యాయంగా పత్రం చెప్పి వ్రాయించవలెను. వలీ అతనికి నోరు మాత్రమే, హక్కుదారు కాడు.

హజ్రత్ హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (ర)కు తలకు గాయమై బుద్ధి మందగించినది. బేరాలలో మోసపోతూ ఉండేవారు. ఆయన వ్యాపారాన్ని నిషేధించవలసినదిగా ఇంటివారు దైవప్రవక్త (స)ను కోరారు. వ్యాపారం మానలేనని ఆయన విన్నవించుకోగా, బేరం చేసేటప్పుడు మోసం కూడదని చెప్పుకొనుమని ప్రవక్త (స) బోధించారు. సరుకు తిప్పి ఇచ్చేందుకు మూడు రోజుల గడువు కూడా ఇచ్చినట్లు ఉల్లేఖనాలున్నవి. ఆయన పెద్దరికం ఆయనకే ఉన్నది. లోపానికి రక్షణ మాత్రం లభించినది.

భారత న్యాయవ్యవస్థ కూడా ఈ దిశలోనే నడిచినది. మానసిక వయస్సు ఆధారంగా ఒక వయోజన స్త్రీని బాలికగా పరిగణించవలెనన్న వాదాన్ని సుప్రీంకోర్టు 2017 జూలైలో తిరస్కరించినది. పిల్లల రక్షణకై వచ్చిన 2012 చట్టంలో వయస్సు అంటే శరీర వయస్సేనని తీర్పు చెప్పినది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుని నియమించవచ్చును. సంరక్షకుడు ఆరు నెలలలో ఆస్తి పట్టిక, ఆపైన ఏటేటా లెక్కలు సమర్పించవలెను.

కనుక పంపకాల సమయంలో ఆ సోదరునికి, లేక సోదరికి, ముందుగా రావలసినది షరీఅత్ నిర్ణయించిన వాటా. దానిని చూచుకొనడంలో ఏ పనికి ఎంత సహాయం కావలెనన్నది తర్వాతి ప్రశ్న. బుద్ధి ఎన్నేళ్ళదన్న అంకె ఆ రెండవ ప్రశ్నకే పూర్తి సమాధానం కాజాలదు. మొదటిదానికి అసలు సంబంధించదు.