అభ్యాసము - విశ్వాసము

మనస్సు దేనిని నిత్యము ఆశ్రయించునో దానినే సత్యమని నమ్మజొచ్చును. ప్రతి చిత్తవృత్తియు నొక సంస్కారమును నిలుపుననియు, ఆ సంస్కారము మరల అట్టి వృత్తినే పుట్టించుననియు యోగశాస్త్రము చెప్పుచున్నది. యథార్థజ్ఞానము వలెనే విపర్యయమను భ్రాంతిజ్ఞానమును వృత్తియే. అదియు అభ్యాసముచే గట్టిపడును. మేము బోధించు జి.మాడుగులకు పొరుగుననున్న చింతపల్లి సీమ చరిత్ర దీనికి నిదర్శనము.

1882 నాటి మదరాసు అటవీశాసనము పిమ్మట మన్యమున పోడుసేద్యమునకు అడ్డులు పెరిగెను. చాలీచాలని కూలికి కొండవారిచే రోడ్లపని చేయించిరి. ఏండ్ల తరబడి వారి మనస్సు ఈ బాధయందును, విమోచనమందును నిలిచియుండెను. అట్టి వేళ అల్లూరి సీతారామరాజు కృష్ణదేవిపేట ప్రాంతమున తపోవృత్తితో నుండి, మద్యము మానుడనియు, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించెను. విన్నవారు ఆచరించిరి, ఆచరించినకొలది నమ్మిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మొదలైన తిరుగుబాటు సాగుకొలది, ఆయనను గుండ్లు తాకవను మాట వ్యాపించెను. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వద్ద అనుచరులు కొందఱు కూలినను పోరాటము ఆగలేదు. 1924 మే 7న కొయ్యూరు సీమలో ఆయన తుపాకిగుండ్లకే బలియయ్యెను. ఆయన మరణింపలేదను మాట అటు తరువాతను వినబడెను.

ఇది కొండవారి మూఢత్వమని మేము తరగతిలో చెప్పుచుండగా ఒక కొండపిల్లవాడు లేచి, “అయ్యా, మా తాతలు పోడుతో అడవిని పాడుచేసిరని దొరలు నమ్మిరి గదా! అది మూఢనమ్మకము కాదా?” అని యడిగెను. మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. దొరలు అదే మాట వ్రాసికొని, అదే చదువుకొని, అదే నమ్మిరి. వారి యభ్యాసమునకు శాసనబలము తోడయ్యెను. కొండవారి యభ్యాసమునకు ధైర్యమే తోడు. మైదానముల నుండి వచ్చిన మేమును కొండవారు అమాయకులను మాటను చిన్ననాటినుండి వినియే నమ్మితిమి.

చిత్తమను నది మేలువైపునకును, కీడువైపునకును ప్రవహించునని వ్యాసభాష్యము. వైరాగ్యము ఒక పాయకు కట్ట వేయును. వివేకాభ్యాసము రెండవ పాయను తెఱచును. కావున నమ్మకము ఎంత గట్టిదని కాక, ఏ పరీక్షకు నిలిచినదని యడుగవలెను.

నాటినుండి ఈ పాఠమునాడు మేము దొరల నమ్మకమును, కొండవారి నమ్మకమును, మా నమ్మకమును నల్లబల్లమీద ప్రక్కప్రక్కనే వ్రాయుచున్నాము.